పై వాటా కుళాయి

పై వాటా అద్దెకిచ్చి కింద కాపురముండే ఇంటాయన్ని వీధిలో అందరూ ‘చూద్దాంగారు’ అంటారు. తలుపు బిగుసుకుపోయిందన్నా, గోడ చెమ్మెక్కిందన్నా, బనియన్ అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆయన అనేది ఆ ఒక్క మాటే. మనిషి చెడ్డవాడు కాదు. పనివాళ్ళ వెంట తిరగాలంటే మహా బద్ధకం. “బాబాయ్‌గారూ, గీజరు వేస్తే స్నానాలగది కుళాయి ముట్టుకోగానే చెయ్యి జివ్వుమంటోందండీ” అని అద్దెకున్నామె మొత్తుకున్నప్పుడూ అదే మాట అన్నాడు.

ఆ ఉదయం పైనుంచి ఆమె కేక వినిపించింది. ఆయన మెట్లెక్కి పరిగెత్తేసరికి ఆమె కూతురు తడి నేలమీద వెల్లకిలా పడి ఉంది. తల్లి వంగబోతోంది. “ముట్టుకోకమ్మా, ఆగు!” అని అరిచి, ఆయన మెయిన్ స్విచ్ ఆపేశాడు. పిల్ల కళ్ళు తెరిచేదాకా ఆయన పక్కనే కూర్చుని పిలుస్తూనే ఉన్నాడు. “తాతయ్యా, కుళాయి నన్ను తోసేసింది” అంది పిల్ల. ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పాక ఆయన తల్లివైపు తిరిగాడు. “నువ్వు చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదమ్మా” అన్నాడు. ఆమె పిల్లను ఇంకాస్త గట్టిగా పొదువుకుంది. సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ వచ్చి గీజరు మార్చి, కొత్తగా ఎర్త్ వైరు వేసి, ఇక భయం లేదన్నాడు. పిల్ల మాత్రం ఆ గది గుమ్మం దాటనంది. ఇంటాయన లోపలికి వెళ్ళి, గీజరు వేసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పిల్ల చూస్తుండగా కుళాయి తిప్పి, దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. బకెట్ నిండి నీళ్ళు పొంగి పొర్లుతున్నా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.