మరగబెట్టిన బత్తాయి రసం

నిన్న కొండాపూర్‌లో ఒక కెఫేకి వెళ్తే, ఆరోగ్యానికి మంచిదంటూ వేడివేడి బత్తాయి రసం తెచ్చి పెట్టారు. ఆ ఆవిరి తగలగానే ముక్కు మూసుకున్నాను. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఈ వాసన పీల్చారా? పీల్చినవాళ్ల నాలుక ఈపాటికే ముడుచుకుని ఉంటుంది.

రెండో తరగతిలో పళ్లు తోముకుంటే నా చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. దవాఖానలో డాక్టరమ్మ రోజూ బత్తాయి తినిపించమంది. చల్లటి పండు తింటే సర్ది చేస్తుందని మా నానమ్మ భయం. అందుకే రసం పిండి, పాలు కాచే గిన్నెలోనే మరగబెట్టేది. పైన పసుపు నురగ, అడుగున ఉడికిన గింజలు, మధ్యలో మాడిన పాల వాసన, గొంతు దిగని చేదు.

"ముక్కు మూసుకొని మింగు బిడ్డా!"

"కక్కొస్తుంది నానమ్మా!"

"కక్కితే ఇంకో గ్లాసు పోస్త."

వారాలు గడిచినా రక్తం ఆగలేదు. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే అమ్మ మళ్లీ డాక్టరమ్మను అడిగి వచ్చింది. ఆ సాయంత్రం నన్ను మేడ మీదికి తీసుకెళ్లి, బత్తాయి ఒలిచి, తొనలకు ఉప్పు అద్ది పెట్టింది.

"రసం కాస్తే పండుల బలం పోతదట. నానమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది."

అప్పటి నుంచి రోజూ కింద ఆ చేదు, పైన ఈ తీపి. చిగుళ్లు మానాయి.

"చూసిన్రా, నేను కాచిన రసమే పనిజేసింది!" అని నానమ్మ గల్లీ అంతా చాటింది. ఇగ ఏ ఇంట్లో పిల్లలు దగ్గినా ఆ కంపే. వాళ్లంతా నన్ను ఎంత తిట్టుకున్నారో!

నిన్న ఆ గ్లాసు పక్కకు జరిపి, బత్తాయి ఒలిచి తొనలు ఇవ్వమని అడిగాను.

"అది మెనూలో లేదండి" అన్నారు.