చిట్టిని నడిపించుకుంటూ గుంటూరు స్వారీ పోటీకి

మా అమ్మాయి ఎస్తేరు గుర్రం ఎక్కడం చూసినవాళ్ళు ఒంగోలులో ఎవరైనా ఒకటే మాట అనేవారు. గుర్రం మంచిది కాబట్టి పిల్ల కూర్చోగలుగుతోంది అని. ఇది ఎనభైల నాటి సంగతి. అప్పటికి ఎస్తేరుకు పద్నాలుగేళ్ళు. ఆ గుర్రం పేరు చిట్టి. మా పేటలో మస్తాన్ జట్కాకు కట్టిన ఆడగుర్రం అది. స్టేషను దగ్గర ఆటోలు ఎక్కువై మస్తాన్ కూడా ఆటో కొనుక్కున్నాక, చిట్టిని ఎవరికో అమ్మలేక మాకే తక్కువ ధరకు ఇచ్చాడు. అతను కుర్రతనంలో పోలీసు గుర్రాల దగ్గర పనిచేసినవాడు, స్వారీ బాగా తెలుసు. మా అమ్మాయికి జీను మీద కూర్చోవడం దగ్గర నుంచి అంతా అతనే నేర్పాడు. చిట్టికి కొరడా అక్కర్లేదు, మాట చెబితే చాలు. అందుకే జనం అలా అనేవారు. నిజం చెప్పాలంటే నాకూ ఎటూ తేలేది కాదు.

గుంటూరులో స్వారీ పోటీలు పెడుతున్నారని పేపర్లో చూసింది ఎస్తేరే. అవి పరుగు పందాలు కావు. ఎక్కినవాళ్ళు ఎలా కూర్చున్నారు, పగ్గాలు ఎంత మెత్తగా పట్టారు, అడిగిన పని గుర్రం చేత గొడవ లేకుండా చేయించారా అని చూసి మార్కులు వేస్తారు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు వేరే విభాగం ఉంది. మరుసటి ఏడు దాని వయసు దాటిపోతుంది. పేపరు నా ముందు పెట్టి, "మార్కులు గుర్రానికి కాదు నాన్నా, ఎక్కినవాళ్ళకి. ఒక్కసారి తేల్చుకుని వస్తాను" అంది. నేను జిన్నింగు మిల్లులో గుమాస్తాని. మూడు రోజులు సెలవు అడిగాను, ఇచ్చారు.

గుర్రాన్ని గుంటూరు ఎలా చేర్చాలన్నది మొదటి సమస్య. మా వీధిలోని కోటయ్య లారీ తోలేవాడు. ఎలాగూ గుంటూరు ఖాళీగా వెళ్తున్నానని, ఎనభై రూపాయలకు ఒప్పుకున్నాడు. పోటీకి రెండు రోజుల ముందు తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. లారీ అడుగున వరిగడ్డి పరిచి, చిట్టికి అటూ ఇటూ వెదురు బొంగులు కట్టాం. ఎస్తేరు వెనక గుర్రం దగ్గరే నిలబడింది, నేను ముందు కూర్చున్నాను. అది మాఘమాసం. మద్దిపాడు దాటిన కాసేపటికి వెలుగు వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి ఆఖరి కోతలు, ఆ పైన కల్లాల్లో ఆరబోసిన మిర్చి. మేదరమెట్లలో టీకి ఆగాం, టీ అర్ధరూపాయి. అప్పటికే చిట్టి తుమ్ముతోందని ఎస్తేరు చెప్పింది. చలిగాలి అనుకున్నాం.

మార్టూరు దాటాక ఎస్తేరు వెనక నుంచి లారీ టాపు మీద గట్టిగా కొట్టింది. దిగి చూస్తే చిట్టి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ముక్కు ఆగకుండా కారుతోంది, తల విదిలిస్తోంది. నేను గడ్డి పక్కకు తీసి చెక్కల మధ్య వేలు పెట్టి చూశాను. వేలికి ఎర్రటి పొడి అంటింది. ముందు రోజు వరకూ ఆ లారీ మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, మోసిందే. కోటయ్య తల గోక్కున్నాడు.

"అన్నా, ఊడ్చే తెచ్చాను. మూడేళ్ళుగా మిర్చే తోలుతున్నాను, నా ముక్కుకి ఇక ఘాటు తెలియట్లేదు."

"మాక్కూడా తెలియలేదులే" అన్నాను. అది నిజమే. ఆ నెలల్లో మా వైపు గాలంతా మిరపకాయ వాసనే. లారీ ఎక్కేటప్పుడు మా ఇద్దరికీ తేడా అనిపించలేదు. గుర్రం అనేది ఆ ఘాటులో తల వంచి గడ్డి తింటుందన్న ఆలోచన మాకు రాలేదు.

చిలకలూరిపేట ఊరి మొదట్లో ఒక మట్టిగట్టుకు లారీ వెనక్కి ఆనించి చిట్టిని దించేశాం. పోటీకి ముందు రోజు సాయంత్రం నాలుగింటికి పశువుల డాక్టరు గుర్రాలను పరీక్ష చేస్తారు. ముక్కు కారే గుర్రాన్ని మైదానంలోకి రానివ్వరు. మళ్ళీ లారీ ఎక్కిస్తే చిట్టి ఆ పరీక్ష ఎలాగూ నెగ్గదు. గుంటూరు ఇంకా నలభై కిలోమీటర్లు. వెనక్కి తిరిగి వెళ్దామా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే ఎస్తేరు జీను దించి భుజాన వేసుకుంది.

"నడిపించుకుని వెళ్దాం నాన్నా. గాలికి అదే తగ్గుతుంది."

కోటయ్య లారీతో వెళ్ళిపోయాడు. గట్టు పక్కనే రమణమ్మ అనే ఆవిడ తాటాకు పాకలో భోజనం పెడుతోంది. మమ్మల్ని చూసి నవ్వి, కడివెడు మజ్జిగ తెచ్చింది. మిర్చి కల్లాల్లో పనిచేసిన ఆడవాళ్ళు చేతుల మంటకు అదే రాసుకుంటారట. ఎస్తేరు పాతగుడ్డ మజ్జిగలో ముంచి చిట్టి ముక్కు లోపలా బయటా తుడిచింది, కళ్ళు మాత్రం మంచినీళ్ళతో కడిగింది. అలా మధ్యాహ్నం వరకూ గంట గంటకూ చేసింది. మజ్జిగకు డబ్బులివ్వబోతే రమణమ్మ తీసుకోలేదు. "అన్నానికి ఇవ్వండి చాలు. గుర్రానికి మజ్జిగ పోశానని మా ఆయనకి చెబితే నవ్వుకుంటాడు" అంది. పప్పు, గోంగూర, అన్నం కలిపి మనిషికి మూడు రూపాయలు. ఆ దారిలో అంత మంచి భోజనం నేను మళ్ళీ తినలేదు.

ఎండ తగ్గాక మూడింటికి నడక మొదలుపెట్టాం. తారు మీద కాకుండా రోడ్డు పక్క మట్టి అంచున నడిచాం. కల్లం కనిపించినప్పుడల్లా ఎస్తేరు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి చిట్టిని రోడ్డుకు రెండో పక్కకు దాటించేది. దారంతా దానితో మాట్లాడుతూనే ఉంది. చీకటి పడే వేళకు ఎడ్లపాడు చేరాం. అక్కడి చర్చి పాస్టరుగారు వరండాలో చోటిచ్చారు, గుర్రానికి గడ్డి కూడా ఇప్పించారు. మర్నాడు తెల్లవారకముందే లేచి, కొండవీటి కొండలు ఎడమ చేతి వైపు కనబడుతుండగా సాగాం. బోయపాలెం దగ్గర ఇడ్లీలు తిన్నాం. ఏటుకూరు వచ్చేసరికి చిట్టి ముక్కు ఆరిపోయింది. పన్నెండున్నరకు గుంటూరులో పోటీ మైదానం చేరాం.

సాయంత్రం డాక్టరు చిట్టి కనురెప్పలు ఎత్తి చూశాడు, ముక్కుపుటాల్లో టార్చి వేశాడు, గుండె విన్నాడు. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే చిలకలూరిపేట నుంచి నడిచి వచ్చామని చెప్పాను. ఆయన ఒకసారి నా చెప్పుల వైపు చూసి చీటీ మీద సంతకం చేశాడు. ఎస్తేరు ఆ చీటీని రెండు చేతులతో పుచ్చుకుంది. ఆ రాత్రి స్టేషను దగ్గర లాడ్జిలో పదిహేను రూపాయల గది తీసుకున్నాం, కానీ ఎస్తేరు మాత్రం గుర్రాల కొట్టం దాటి రానంది. అక్కడే ఆడపిల్లలకు ఇచ్చిన గుడారంలో పడుకుంది.

పోటీ ఉదయం ఎనిమిదింటికి. పదకొండు మంది పిల్లలు. ఎక్కువమంది నగరాల క్లబ్బుల నుంచి వచ్చినవాళ్ళు, నల్లటి టోపీలు, మెరిసే బూట్లు. మా అమ్మాయి కాళ్ళకు స్కూలు బూట్లే. ముందు నడక, తర్వాత చిన్న పరుగు, ఆ తర్వాత దౌడు, మధ్యలో గుండ్రంగా తిప్పడం. చిట్టి ఇంటి దగ్గర చేసినట్టే చేసింది. నా వెనక కూర్చున్న ఒకాయన పక్కవాడితో, "ఆ బక్క గుర్రం భలే బుద్ధిగలది, పిల్ల ఊరికే కూర్చుంది" అన్నాడు. ఒంగోలు వదిలి వచ్చినా ఆ మాట వదల్లేదు.

చివరికి ఇద్దరు మిగిలారు. ఎస్తేరు, విక్రం అనే పదిహేను నిండని కుర్రాడు. అతనిది పొడుగాటి ఎర్ర గుర్రం. న్యాయనిర్ణేత రిటైరైన మిలిటరీ ఆఫీసరు. ఇద్దరికీ మార్కులు సమానంగా ఉన్నాయని చెప్పి, ఇద్దరూ గుర్రాలు మార్చుకుని మళ్ళీ చేసి చూపించమన్నాడు. ఈ రకం పోటీల్లో అలా అడగడం ఉంటుందట, మాకు తెలియదు. ఎస్తేరు జన్మలో ఇంకో గుర్రం ఎక్కలేదు.

ముందు విక్రం చిట్టిని ఎక్కాడు. మడమలతో తాకించాడు. చిట్టి కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తాకించాడు. చెవులు వెనక్కి పెట్టి అలాగే నిలబడింది. జట్కా గుర్రానికి మడమల సంగతి ఏం తెలుస్తుంది? జనం నవ్వడం మొదలుపెట్టారు. కుర్రాడి ముఖం ఎర్రబడింది. అలాగే వదిలేస్తే కప్పు మాదే. ఎస్తేరు మైదానం అంచు నుంచి చేయెత్తి న్యాయనిర్ణేత అనుమతి అడిగింది. ఆయన తల ఊపాడు.

"మడమలు తాకించకండి. 'పద చిట్టీ' అనండి. వెళ్తుంది."

"అంతేనా?"

"అంతే. కాస్త ప్రేమగా అనాలి."

మైదానం మొత్తం ఘొల్లుమంది. ఆ కుర్రాడూ నవ్వేశాడు. వంగి చెవి దగ్గర ఏదో అన్నాడు, చిట్టి కదిలింది. అతను నిజంగా బాగా ఎక్కేవాడు, చక్కగా చేశాడు. ఇప్పుడు అతని మార్కులు మళ్ళీ నిలబడ్డాయి. నా పక్కనున్నాయన, "ఎందుకు చెప్పింది ఈ పిల్ల" అన్నాడు.

ఎస్తేరు ఎర్ర గుర్రం ఎక్కింది. కాళ్ళు ఆనించే రికాబులు తనకి పొడుగు, వాటి పటకాలు రెండు చిల్లులు పైకి తీసి కట్టుకుంది. ఆ గుర్రం తల ఎగరేస్తూ కళ్ళెం కొరుకుతోంది. దానికి మాట తెలియదు, మా అమ్మాయికి దాని అలవాటు తెలియదు. ఒక చుట్టు ఊరికే నడిపించింది. నడిపిస్తూ పగ్గాలు అంగుళం అంగుళంగా వదులు చేసింది. గుర్రం మెడ చాచింది, నోరు ఆడించడం మానేసింది. అప్పుడు చిన్న పరుగు, అక్కడి నుంచి దౌడు. అంత పొడుగు గుర్రం మీద ఎస్తేరు వీపు ఒక్కసారి కూడా వంగలేదు, చేతులు కదలలేదు. గుండ్రంగా తిప్పి సరిగ్గా జెండా కర్ర ముందు ఆపింది. నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడింది ఆ గుర్రం. విక్రం ముందుగా చప్పట్లు కొట్టాడు.

కప్పు ఇస్తూ ఆ ఆఫీసరు మైకులో ఎక్కువ మాట్లాడలేదు. "గుర్రం మారింది. ఈ అమ్మాయి సీటు, అంటే కూర్చున్న తీరు, మారలేదు" అన్నాడు. ఎస్తేరు జనంలో నా కోసం వెతికి, నేను కనబడగానే కప్పు పైకి ఎత్తింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడాలని అనుకోలేదు, నిలబడ్డాను.

ఐదేళ్ళు మా అమ్మాయి స్వారీని రోజూ చూశాను. చిట్టి మంచితనం ఎంతో, మా అమ్మాయి నేర్పు ఎంతో విడదీసి చూడటం నాకు చేతకాలేదు. మా గుర్రం కాని గుర్రం మీద అది వెళ్తుంటే, ముప్పావు నిమిషంలో తెలిసిపోయింది. ఆ సాయంత్రం కొట్టం ముందు కూర్చుని ఇద్దరం చెరకురసం తాగాం. ఇప్పుడు తేలిందా అని అడిగాను. "నాకు ముందే తెలుసు నాన్నా. మీ అందరి కోసం వచ్చాను" అంది, చిట్టి కాళ్ళు తోముతూ.

గుర్రంతో పొరుగూరు పోటీకి వెళ్ళేవారికి ఒక మాట. మైదానం చేరాక చిట్టి అక్కడి నీళ్ళు చాలాసేపు ముట్టలేదు. గుర్రాలకు నీటి వాసన మారితే పడదు. బయలుదేరే వారం ముందు నుంచే దాని నీళ్ళలో కొంచెం బెల్లం కలపడం అలవాటు చేయండి, దారిలోనూ అదే బెల్లం కలపండి. అప్పుడు ఏ ఊరి నీళ్ళు పెట్టినా ఇంటి నీళ్ళే అనుకుని తాగుతుంది.