మాస్కు కట్టుకున్న గ్రహాంతరవాసులు

తన నవలను మెచ్చుకున్న వాళ్లందరి మీదా లింగమూర్తికి అనుమానమే. ఇంతమందిలో నిజంగా చదివాడని నమ్మకం కుదిరింది తిట్టినవాడొక్కడి మీదనే. కాకపోతే వాడెవడో తెలియదు.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సచిన్ అనే పారిశ్రామికవాడలో మరమగ్గాలు నడిపే లింగమూర్తి రచయిత కావడానికి కారణం సరస్వతీ కటాక్షం కాదు, లాక్‌డౌన్. మగ్గాలు ఆగిపోయిన ఆ మొదటి ఏడు, దగ్గర్లోని ఉన్ అనే బస్తీలో తన ఒంటిగది ఇంట్లో గోడకు చేరగిలబడి, బొటనవేలితో ఫోన్‌లో నవల రాసి ఒక కథల యాప్‌లో పెట్టాడు. ఆకాశం నుంచి దిగిన జీవులు ఆ పక్కనే ఉన్న పల్సానా ఊరి దగ్గర చెరుకుతోటలో మకాం వేస్తాయి. వాటికి గొంతు లేదు, పెదవులు కదుపుతాయి, అంతే. ఆ పెదవులు చదివి బదులు చెప్పేది మగ్గాలు నడిపే ఒక కార్మికుడు. షెడ్డులో మోత మధ్య అందరూ ఎదుటివాడి మూతి చూసే మాట్లాడుకుంటారు కనుక తోటి కార్మికులకు ఇందులో వింతేమీ కనిపించలేదు. బయటి పాఠకులు మాత్రం "ఏం ఊహ!" అని ముక్కున వేలేసుకున్నారు.

మరుసటి ఏడు రెండో వేవ్ వచ్చింది, దాని వెంటే రెండో భాగమూ వచ్చింది. అతిథులకు కరోనా సోకుతుందేమోనని దయతలచి, రచయిత ఈసారి గ్రహాంతరవాసులందరికీ మాస్కులు కట్టించాడు. మాస్కులతోనే అవి భూమివాళ్లతో శాంతి చర్చలు సాగించాయి. అభిప్రాయాలు వెల్లువెత్తాయి. "సూపర్ అన్నా", "కేక", చేతులు జోడించిన బొమ్మలు. అధ్యాయం పెట్టిన మరుక్షణమే సూపర్ అన్నవాడు ఎప్పుడు చదివినట్టు? లింగమూర్తి ఈ చింతనలో ఉండగానే 'నిజం చెప్పేటోడు' అనే పేరుతో ఒక నక్షత్రం, దాని కింద రెండు ముక్కలు రాలాయి.

"మూతికి గుడ్డ కట్టినంక పెదవులు ఎట్ల కనవడ్డయి? రైటర్ సాబ్ కండ్లు మూసుకొని రాసిండా?"

లింగమూర్తికి ముందు కోపం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అనుమానం వచ్చాయి. ఇంతమంది చూడని చిల్లు చూసినవాడు షెడ్డు మనిషే అయ్యుండాలి. మూడో భాగం రాద్దామని ఫోన్ తెరిస్తే చాలు, ప్రతి వాక్యం వెనకా వాడెవడో నవ్వుతున్నట్టుంది. వాడెవడో తేలేదాకా ఒక్క అక్షరం రాయనని ఒట్టు పెట్టుకున్నాడు.

దర్యాప్తు ఇంటినుంచే మొదలైంది.

"నువ్వేనా?" అని భార్య భాగీరథిని నిలదీశాడు.

"నాకు మొదటి పార్టే ఒడువలే," అందామె బియ్యం ఏరుతూ. "ఇంకా చెరుకుతోటల్నే ఉన్న. జర జరుగు, ఎలుగుకు అడ్డమున్నవ్."

షెడ్డులో అందరికీ వంకలు పెట్టే సోమలింగం చేతిలో ఉన్నది మీటల ఫోన్. అతనూ నిర్దోషే. ఇక మిగిలింది పక్క మగ్గాల పరమేశ్వర్. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నవాడు గనుక అందరికంటే ఎక్కువ అనుమానించదగినవాడు. చాయ్ బండి దగ్గర లింగమూర్తి వల పన్నాడు.

"పరమేశూ, ఆ మూడుకాళ్ల రాణి సచ్చిపోయినకాడ నీకేమనిపిచ్చింది?"

"ఏడుపాగలేదన్నా! మా ఇంటిది గూడ ఏంది గిట్ల ఏడుస్తున్నవని అడిగింది."

నవలలో రాణే లేదు. అంటే వీడు పుస్తకమే తెరవలేదు. నేరం చేయలేదని తేలినా లింగమూర్తికి అంతకంటే పెద్ద గాయమైంది. మర్నాటినుంచి చాయ్ వేరే బండి దగ్గర తాగాడు. పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు మగ్గం ముందు నిలబడి పరధ్యానంలో పడ్డాడు. ఒక పోగు తెగింది. బట్ట మీద సన్నటి చార పడుతోంది. పక్కనుంచి పరమేశ్వర్ ఏదో అరిచాడు. మోతలో వినపడలేదు, మాస్కు వెనక మూతి కనపడలేదు. అతను చెయ్యెత్తి రెండు వేళ్లు చటుక్కున విడదీసి మగ్గం వైపు చూపించాడు. లింగమూర్తి మగ్గం ఆపి, తెగిన పోగు ముడివేసి, అక్కడే కొయ్యబారిపోయాడు.

మూతి కనిపించకపోయినా మాట అందింది!

పరమేశ్వర్ చెయ్యి ఇంకా దిగలేదు. మూడు వేళ్లు చూపించి, గాలిలో రాస్తున్నట్టు బొటనవేలు ఆడించాడు. పుస్తకమే తెరవనివాడికి మూడో భాగం ఎందుకు? లింగమూర్తి మాస్కు కిందికి లాగాడు.

"నువ్వేనా?" అన్నాయి పెదవులు.

పరమేశ్వర్ కూడా మాస్కు లాగాడు. "బుక్కుల రాణి ఏడుందన్నా? రెండుసార్లు చదివిన. పరీక్ష పెడుతున్నవని అప్పుడే సమజయింది."

"మరి మస్తుందన్నవ్?"

"మొకమ్మీద ఎట్ల చెప్పాలె? చాయ్ పోపిచ్చేటోనివి నువ్వాయె."

అంతలో షెడ్డు మాస్టర్ అటు రావడంతో పరమేశ్వర్ మాస్కు పైకి లాక్కున్నాడు. విచారణ వాయిదా పడింది.

ఆ సాయంత్రం ఉన్‌లో మూడో భాగం మొదలైంది. గ్రహాంతరవాసుల అసలు భాష చేతుల్లో ఉందనీ, పెదవులు ఆడించింది భూమివాళ్లను నమ్మాలా వద్దా అని పరీక్షించడానికేననీ మొదటి అధ్యాయంలోనే బయటపడింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపే అభిప్రాయం వచ్చింది.

"ఇప్పుడు ముడి పడ్డది. నిజం చెప్పేటోడు." నాలుగు నక్షత్రాలు.

లింగమూర్తి దాన్ని మళ్లీ మళ్లీ చదివి, మర్నాడు పాత బండి దగ్గరే రెండు చాయ్‌లు చెప్పాడు. ఒకటి పరమేశ్వర్ చేతికిచ్చి, కళ్లు చిన్నవి చేసి అడిగాడు.

"ఐదోది ఎందుకు దాస్కున్నవ్?"