గెడ్డకు ఇవతలి కాఫీ, అవతలి కాఫీ

మంగళవారం మూడో పీరియడ్‌లో మా స్కూలు ఆయా తలుపు దగ్గర నిలబడి, "కాఫీ మావ పోయాడటమ్మా, పొద్దున్నే" అని చెప్పి వెళ్లిపోయింది. శృంగవరపుకోటలో ఆ మాట ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తప్పే వచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఏడాదిగా ఆయన ఎదట పడకుండా తప్పించుకు తిరుగుతున్నాను నేను. ఇక పడాలన్నా పడలేను.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరందరికీ మావే కాబట్టి నాకూ మావయ్యే. మాది నరసన్నపేట. ఇక్కడికి బదిలీ అయిన కొత్తలో, మూడేళ్ల కిందట, ఒక సాయంత్రం విజయనగరం బస్సు తప్పిపోయింది. ఒకచోట నిలబడే అలవాటు నాకు లేదు. సంత వెనక వీధిలో పడి నడుస్తుంటే వాసన వచ్చింది. ముక్కు పట్టుకు లాక్కుపోయినట్టు వెళ్తే ఒక రేకుల కొట్టు. లోపల బటాణీలు వేయించే పాత ఇనప డ్రమ్మును పొయ్యి మీద చేత్తో తిప్పుతున్నాడు ఒక పెద్దాయన. వాళ్లావిడ చేటతో పొట్టు చెరుగుతోంది.

"ఏమిటివి?" అన్నాను.

"ఊరుకోమ్మా. గింజ పేల్తంది, ఇననీ."

డ్రమ్ములో చిటపటలు మొదలయ్యాయి, జోరందుకున్నాయి, తగ్గాయి. ఇంకో నాలుగు తిప్పులు తిప్పి గింజల్ని జల్లెడలోకి కుమ్మరించాడు. గడియారం లేదు, కొలత లేదు, అంతా చెవితోనే. పావుకిలో ఇవ్వమంటే ఇవ్వనన్నాడు.

"ఈయాల ఏపింది ఈయాల అమ్మను. మూణ్ణాళ్లు ఊరుకుంటే గానీ రుసి రాదు."

"అన్ని రోజులు ఎవరాగుతారు మావయ్యా? ఇప్పటికే బస్సు పోయింది."

"పోతే ఇంకోటి వస్తాది. కాళ్ల కింద నిప్పులు పోసుకున్నట్టు ఏటమ్మా ఆ తిరుగుడు?"

ఒళ్లు మండింది. అయినా నాలుగో రోజు వెళ్లాను. ఆ కాఫీ తాగాక మరి మానలేదు.

ఆయన వేయించేవి కొండ మీది రెండు ఊళ్ల గింజలే. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు; దానికి ఇవతలి ఊరి మూటకు ఎర్రతాడు, అవతలి ఊరి మూటకు అరటినార. ఒకటి వేయించాక డ్రమ్ము శుభ్రంగా తుడిచి గానీ రెండోది పోసేవాడు కాదు. విశాఖపట్నంలో ఇలా ఒకేచోట పండిన కాఫీని సింగిల్ ఆరిజిన్ అని బోర్డు పెట్టి అమ్ముతున్నారని చెబితే నవ్వాడు. "ఆ పేర్లు నాకు తెలీవమ్మా. ఊరి పేరైతే తెలుసు" అన్నాడు.

ఏటా కొత్త పంటలో మొదట వేయించినదాన్ని డికాక్షన్ తీసి, పాలు కలిపి, రెండు ఫ్లాస్కుల్లో పోసుకుని ఆ ఊళ్లకే పట్టుకెళ్లేవాడు. ఎవరి కాఫీ వాళ్లకు. వాళ్లు కాయ కోసి, ఎండబెట్టి అమ్మేయడమే గానీ దాని రుచి ఎరగరట. "తాగినాక ఆల్లే ఏదో అంటారు. అందాకా నేనేటీ అడగను" అనేవాడు. నేనైతే గ్లాసు చేతికిచ్చే లోపలే ఎలా ఉందని నాలుగుసార్లు అడిగేసేదాన్ని.

పోయిన ఏడు పంట అంతంతమాత్రం. రెండు ఊళ్ల నుంచి చెరో మూట వచ్చాయి, అంతే. ఆదివారం మధ్యాహ్నం నన్ను కొట్టులో కూర్చోబెట్టి ఇద్దరూ భోజనానికి వెళ్లారు. హఠాత్తుగా గాలివాన. రేకు సందులోంచి నీళ్లు సరిగ్గా మూటల మీదే కారుతున్నాయి. కంగారులో రెండు మూటలూ విప్పి, మూతున్న పెద్ద డబ్బా ఒకటి కనిపిస్తే అందులో గుమ్మరించేశాను. ఒక్క గింజ తడవలేదు. శభాష్ అంటాడని ఎదురుచూశాను.

ఆయన వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "కలిపేసినావా?" అన్నాడు.

"రెండూ కొండకాఫీయే కదా మావయ్యా!"

ఆయన తిట్టలేదు. "మరి ఈ ఏడు ఆల్లకేటి పట్టుకెల్లను?" అని మాత్రం అన్నాడు. తప్పయిందని చెప్పకపోగా, వాననే తిట్టి గొడుగు తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత బస్టాండుకు ఇంకో వీధిలోంచి తిరిగి వెళ్లేదాన్ని.

మంగళవారం సాయంత్రం వెళ్లేసరికి అంతా అయిపోయింది. అత్త గోడకు చేరగిలి ఉంది. నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కలిసిపోయిన గింజల సంగతి అడిగితే, ఆ ఏడుపులోనే నవ్వింది.

"ఎవులికీ అమ్మనేదమ్మా. యాడాదంతా మేవిద్దరివే తాగినాం. టీచరమ్మ కాఫీ అని పేరెట్టినాడు."

తర్వాత లోపలి నుంచి ఆయన ఫ్లాస్కులు రెండూ, రెండు డబ్బాలూ తెచ్చింది. ఒక డబ్బాకు ఎర్రతాడు, ఒకదానికి అరటినార. "నిన్న ఏపినాడు. మోకాల్లు నొప్పులు, ఈ ఏడు టీచరమ్మని తోడు తీసుకెల్తాను, ఇంక ఎన్నాల్లు దాక్కుంటాది అన్నాడు. నాకేమో మైల, గడప దాటకూడదు."

"రేపే వెళ్తాను అత్తా."

"శుక్రవారం దాకా ఇప్పకు. మూణ్ణాళ్లు ఆగాల."

ఆ మూడు రోజులు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. డబ్బాల ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో, ఎన్నిసార్లు మూత మీద చెయ్యి వేసి తీశానో! శుక్రవారం సెలవు పెట్టి, దేనికది డికాక్షన్ తీసి పాలు కలిపి, రెండు ఫ్లాస్కులూ ఒళ్లో పెట్టుకుని జీపెక్కాను. ఇవతలి ఊళ్లో అడుగు పెడుతూనే వార్త చెప్పేశాను. వాళ్లు గ్లాసులు పట్టుకునే ఏడ్చారు. కాఫీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. మళ్లీ నా తొందరే.

గెడ్డ దాటి అవతలి ఊరు వెళ్లాను. గుమ్మంలో ఒక ముసలమ్మ ఫ్లాస్కును ఆనవాలు పట్టి, గ్లాసు తనే తెచ్చుకుంది. పోశాను.

"ఈ ఏడు ఆయన రానేదేటి?" అంది.

మాట నోటిదాకా వచ్చింది. "తాగమ్మా, చెప్తాను" అన్నాను.

ఆమె అరుగు మీద కూర్చుంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఊది, ఒక గుక్క తాగింది. కొండ వైపు చూసింది. ఇంకో గుక్క తాగింది. నేను ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని, కదలకుండా, ఆమె ఏమంటుందోనని నిలబడ్డాను.