టికెట్ లేని ఆట

తొంభైల్లో గల్ఫ్‌లో, దోహాలో పనిచేసేటప్పుడు, ఒక శుక్రవారం సెలవునాడు మనవాళ్ళ కబడ్డీ చూద్దామని అబూ హమూర్ వైపు వెళ్ళే కంపెనీ బస్సెక్కాను. పక్క సీట్లో కరీంనగర్ మనిషి, ఒళ్ళో ఉడకబెట్టిన గుడ్ల సంచి. ఆటగాళ్ళకట.

"కాలేజీల నేనూ ఆడిన. గెలిచిన కప్పు కాలేజే ఉంచుకుంది. ఆట చూడ వచ్చే హోటలాయన మాత్రం రోజూ రెండు గుడ్లు పెట్టిండు."

"చదువుకునే పిల్లలు పేరు కోసం ఆడాలి గానీ, చూసేవాళ్ళ దగ్గర పుచ్చుకోవడం ఏమిటండీ?" అన్నాను.

"సినిమాకు టికెట్ కొంటవు గద అన్నా. మోకాళ్ళు పగలగొట్టుకునేటోని ఆట ఉత్తగనే చూస్తవా?"

దిగేటప్పుడు అతను రెండు గుడ్లు నా చేతిలో పెట్టి, "నీ చేత్తోనే ఇయ్యి" అన్నాడు.

మా ఊళ్ళో కాలేజీ పిల్లలు ఆడే మైదానానికి ఇప్పటికీ గేటు లేదు, టికెట్ లేదు. నేను మాత్రం గుడ్లు ఉడకబెట్టుకునే వెళ్తాను.