నార్వేకి వేడినీళ్లు

హామిల్టన్ సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న, ఈ దేశానికి చదువుకోడానికొచ్చిన తెలంగాణ అమ్మాయి, కాలేజీ పుస్తకం మూసి ఏడుపుమొహం పెట్టింది.

“రేపే ఎగ్జామ్ అంకుల్. ఫెయిలైతే సెమిస్టర్ పోతది. నార్వేల మస్తు చలి కద, రేవుల నీళ్లెందుకు గడ్డకట్టవో యాదుంటలేదు.”

నా నోరు ఊరుకోదు కదా!

“మా తాతగారు మెక్సికోలో స్నానం చేసి, వేడినీళ్ల కుళాయి కట్టెయ్యడం మరిచిపోయారమ్మా. ఆ నీళ్లే సముద్రంలో వేడి ప్రవాహమై, అట్లాంటిక్ దాటి నార్వే ఒడ్డుకు చేరి రేవుల్ని గడ్డకట్టనివ్వవు. అందుకే జనం ఒడ్డునే ఇళ్లు కట్టుకుని, చలికాలమంతా చేపలు అమ్ముకుంటారు.”

పకపకా నవ్వింది. తన స్టాపులో దిగుతూ వెనక్కి తిరిగి అరిచింది.

“అంకుల్, ఆ నల్లా బంద్ చెయ్యకుండ్రి! చేపలోళ్లు ఆగమైతరు!”

పరీక్ష ఎలా రాసిందో తెలియదు. ఇప్పటికీ జనవరిలో గిన్నెలు కడిగాక, వేడినీళ్ల కుళాయి కట్టేసేముందు నా చెయ్యి కాస్త ఆగుతుంది.