రువైస్‌లో ఎత్తిన పొడుగు దుర్భిణి

అబుదాబి ఎడారిలోని రువైస్‌లో రిఫైనరీ కడుతున్న రోజుల్లో నేను రిగ్గర్ని. బరువులకు తాళ్లు కట్టి పైకెత్తించడం నా పని. క్యాంపులో నా గదివాడు గోదావరి జిల్లా వడ్రంగి. శుక్రవారాలు మా ఇద్దర్నీ ఒక ఇంగ్లీషు ఇంజనీరు తన బంగళాకు పిలిచేవాడు.

అతనికి ఆకాశం పిచ్చి. మూడువందల ఏళ్ల కిందట దుర్భిణిలో ఏది చూసినా చుట్టూ రంగులు కనిపించేవట. అద్దం వంపు తగ్గిస్తే రంగులు తగ్గేవి కానీ దుర్భిణి పొడవు పెరిగేది. అందుకని తాటిచెట్టంత దుర్భిణులు చేసి, స్తంభాలకు వేలాడదీసి, తాళ్లతో తిప్పేవారట. అలాంటిదొకటి పెరట్లో నిలబెట్టాలని అతని కోరిక.

మావాడు పలకలతో గొట్టం చేశాడు. నేను స్తంభం పాతి కప్పీ కట్టాను. ఎత్తగానే గొట్టం నడుం వంగింది. దాని వీపుకు దూలం కట్టాక తిన్నగా నిలిచింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

ఒక సాయంత్రం చంద్రుణ్ణి చూడడానికి ఆఫీసర్ల కుటుంబాలు వచ్చాయి. చంద్రుడు జరిగేకొద్దీ గొట్టాన్నీ జరపాలి. నేను పైచివర తాడు పట్టుకున్నాను, వాడు కిందిచివర మోస్తున్నాడు.

"మనకీ ఓసారి చూపిత్తాడంటావా?" అన్నాడు వాడు.

"సూపిస్తడు తియ్. గట్టిగ వట్టుకో."

వాడు ఆగలేక అడిగేశాడు. "సాబ్, ఏక్ బార్?"

"బాద్ మే," అని తర్వాతకి నెట్టాడు ఇంజనీరు.

ఇంతలో సముద్రం గాలి లేచింది. "సాబ్, హవా ఆతా. నీచే ఉతార్నా," అన్నాను, కిందికి దించేద్దామని. ఇంకా ఇద్దరు చూడాలి, ఆగమన్నాడు.

గాలి ఒక్క ఊపు ఊపింది. "వదిలెయ్‌రా!" అని అరిచాను. తన చేత్తో చేసింది కదా, వాడు వదల్లేదు. గొట్టం వాడి కుడిచేతి మీద పడింది.

మర్నాడు ముదీర్, అంటే మా అరబ్బు మేనేజరు, విచారించాడు. "డ్యూటీ కాదు. సరదాకి వాళ్లే వచ్చారు," అన్నాడు ఇంజనీరు.

"సాబ్, ఆప్ బులాయా," అన్నాను, పిలిచింది మీరే కదా అని. అతను కిటికీ వైపు తిరిగాడు.

వేళ్లు ముడవలేని వడ్రంగితో కంపెనీకేం పని? ఇంటికి పంపేశారు. పికప్ ఎక్కుతూ వాడు, "నువ్వైనా చూశావేంట్రా?" అన్నాడు. లేదన్నాను.

తర్వాత ఇంజనీరు మళ్లీ కబురు పెట్టాడు. కొత్త వడ్రంగి దొరికాడు, వచ్చి ఎత్తాలి. వెళ్లి, "ఖలాస్, సాబ్," అన్నాను. ఎందుకని అడిగాడు. నాకొచ్చిన హిందీలో అంత కోపం పట్టదు. వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆ ఎండాకాలమంతా నాకు నిప్పులా కాలే నూనె ట్యాంకుల ఇనప పైకప్పుల మీదే డ్యూటీ పడింది.